ఏ గ్రూపులోనూ లేని చదువు

మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి పద్మిని పదకొండో ఫైలు విప్పింది. అట్ట మీద ఆ రోజు తేదీ ముద్ర గుద్ది, పక్కన పొడి అక్షరాలు వేసి, లోపలి కాగితాలు లెక్కపెట్టింది. ఆఖరి కాగితం మీద మూడు సంతకాలుండాలి. రెండే ఉన్నాయి.

అది 2012 మార్చి. అమెరికాలో, నార్త్ కరొలీనాలో, క్యారీ అనే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ. పద్మిని అక్కడి రికార్డుల ఆఫీసులో ఆరేళ్ళుగా క్లర్కు. ఏడాది పొడుగునా మార్కుల జాబితాలూ పేరు మార్పులూ చూస్తుంది. మార్చిలో మాత్రం ఆమె బల్ల మీదకు ఒక ప్రత్యేకమైన దొంతర వస్తుంది. డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టును అక్కడ మేజర్ అంటారు; అక్కడున్న మేజర్లలో ఏదీ సరిపడని విద్యార్థి తన మేజరును తానే తయారు చేసుకోవచ్చు. రెండు మూడు శాఖల నుంచి పన్నెండు కోర్సులు ఏరుకోవాలి. వాటిని ఎందుకు కలుపుతున్నదీ రెండు పేజీల్లో రాయాలి. ముగ్గురు ప్రొఫెసర్ల చేత సంతకాలు పెట్టించాలి. ఆ చదువుకో పేరు పెట్టాలి. ఇదంతా రెండో ఏడు మార్చిలో, ఫలానా శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జరగాలి. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ముందే రాసిచ్చిన మామూలు మేజరులో ఉండిపోవలసిందే.

కాగితం ఏదైనా తక్కువైతే ఇరవై నాలుగు గంటల్లోపు విద్యార్థికి ఈమెయిలు పంపాలి. అది ఆఫీసు రూలు. ఆరేళ్ళలో పద్మిని ఒక్కసారి కూడా తప్పలేదు.

కమిటీ ఒప్పుకున్న పేర్లను కంప్యూటర్లో ఎక్కించేది కూడా పద్మినే. పేరుకు ముప్పై అక్షరాల గడి ఉంటుంది. పట్టని పేర్లను ఆమే కత్తిరిస్తుంది. ఒక పిల్ల నదుల్నీ చట్టాన్నీ ఫొటోగ్రఫీనీ కలిపింది. ఒకడు గుర్రాల పెంపకాన్నీ నీతిశాస్త్రాన్నీ కలిపాడు. ఇంకొకరు గంటల మోతనీ గణితాన్నీ కలిపారు. ఆరేళ్ళ పేర్లూ పద్మినికి నోటికి వచ్చు. ఇంటికెళ్ళి భర్త రఘుకు చెప్పేది. రీసెర్చ్ పార్కులో డేటాబేసులు చూసుకునే రఘు ప్రతిసారీ ఇలాంటిదే ఒకటి అనేవాడు.

"వీడికి ఉద్యోగం ఎవడిస్తాడే? గుర్రమా?"

పద్మిని నవ్వేది. ఆ నవ్వు పైపైనే ఉండేది. నిజం చెప్పాలంటే ప్రతి మార్చిలోనూ ఆమెకు కళ్ళు కుట్టేవి. ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు బల్లకు అటువైపు నిలబడి, ఇది కావాలి, దీనికి అది కలపండి అని హోటల్లో దోసె చెప్పినంత తేలిగ్గా చెప్పేవారు. వాళ్ళు వెళ్ళాక ఆమె ఆ రెండు పేజీలూ చదివేది. చదవవలసిన పని ఆమెది కాదు. కాగితాలు లెక్కపెడితే చాలు. అయినా చదివేది.

1983లో కాకినాడలో పద్మిని కూడా ఒక బల్ల ముందు నిలబడింది. ఇంటర్ అయింది. బోటనీ కావాలి, దానితో పాటు స్పెషల్ తెలుగు కావాలి అని అడిగింది. మొక్కల పేర్లంటే ఆమెకు పిచ్చి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరెందుకుంటుంది, ఒకే పేరుతో రెండు మొక్కలు ఎలా చెలామణి అవుతాయి అని పదిహేనేళ్ళప్పటి నుంచి నోటు పుస్తకంలో రాసుకునేది. బల్ల వెనక గుమస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"బీయస్సీలో స్పెషల్ తెలుగు ఏంటమ్మా? అది ఆ బిల్డింగు, ఇది ఈ బిల్డింగు. బెల్లు కొట్టినప్పుడల్లా పరిగెడతావా? అలాంటి గ్రూపు లేదు."

గుమస్తా బీజెడ్సీ అన్న చోట టిక్కు పెట్టాడు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మూడేళ్ళు కప్పలు కోసి, ఫస్టు క్లాసులో పాసయి, పెళ్ళి చేసుకుని, 1996లో అమెరికా వచ్చింది. ఎనిమిదేళ్ళు ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని వీసా. గ్రీన్ కార్డు వచ్చాక తన మార్కుల జాబితాలను, డిగ్రీల విలువ కట్టే కంపెనీకి పంపింది. మూడేళ్ళ చదువు ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి సమానం కాదని జవాబు వచ్చింది. ఈ ఆఫీసు దరఖాస్తులో మూడు గడులున్నాయి: హైస్కూలు, కొంత కాలేజీ, డిగ్రీ. ఆమె మధ్య గడిలో టిక్కు పెట్టింది. అప్పటి నుంచి తన చదువు గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ అడగనూ లేదు. వారాంతపు విందుల్లో ఆమె రఘుగారి మిసెస్. గోంగూర బాగా పండిస్తుంది.

పదకొండో ఫైలు ఇషాది.

ఇషా తండ్రి నరసింహం క్యారీలో గుండె డాక్టరు. తల్లి ఉమామహేశ్వరి పిల్లల డాక్టరు. ఇషాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి పన్నెండేళ్ళు వచ్చేదాకా, బడి అయ్యాక సాయంత్రం ఆరు వరకు ఆ పిల్ల పద్మిని ఇంట్లోనే ఉండేది. పెరట్లో తిరిగేది. ఇదేంటాంటీ, అదేంటాంటీ అని ప్రతి ఆకూ తెంపి తెచ్చేది.

ఇంగ్లీషులో రాసిన ఆ రెండు పేజీల మొదటి వాక్యాలు ఇలా ఉన్నాయి: మా అమ్మానాన్నలు ఆంధ్ర నుంచి వచ్చారు. కొన్ని మొక్కలు వాళ్ళతో రాలేదు. అవి ఇక్కడ ముందే ఉన్నాయి.

పద్మిని అక్కడ ఆగింది. బావుంది. అది బావుండడమే ఆమెకు కష్టమైంది.

ఆపైన తుంగ గురించి రాసింది. పచ్చిక పాడైపోయిందని క్యారీలో అందరూ తిట్టుకునే మొక్క. పులిచింత గురించి రాసింది. పక్క ఊరు మోరిస్‌విల్‌లో అపార్టుమెంట్ల వెనక వాననీటి గుంట గట్టున మొలిచే గుంటగలగర గురించి రాసింది. రెండు దేశాల్లోనూ అదే మొక్క. ఇక్కడికొచ్చిన మనుషులు దాన్ని పాత పేరుతో పిలుస్తారా, కొత్త పేరు నేర్చుకుంటారా, చూడకుండానే పోతారా? దానికోసం వృక్షశాస్త్రం, మానవశాస్త్రం, భాషాశాస్త్రం కలిపి పన్నెండు కోర్సులు. పేరు 'మొక్కలు, పేర్లు, వలస'. ఇంగ్లీషులో ఇరవై ఏడు అక్షరాలు. కత్తిరించే పని కూడా లేకుండా గడిలో పడుతుంది. పద్మినికి ఆ సంగతి మీద కూడా ఒళ్ళు మండింది.

రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: ఈ పేర్లు నాకు మొదట చెప్పింది మా కుటుంబ స్నేహితురాలు ఒకామె. వృక్షశాస్త్రంలో ఆమెకు ఏ శిక్షణా లేదు. ఆమెది వంటింటి పరిజ్ఞానం.

పద్మిని ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఫైలు మూసింది. భాషాశాస్త్రం ప్రొఫెసరు సంతకం లేదు. ఈమెయిలు రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆమె ఫైలును దొంతర అడుగున పెట్టి పన్నెండోది తీసింది.

మంగళవారం గడిచింది. బుధవారం పొద్దున్నే వచ్చి కూర్చుని దొంతర అడుగు వైపు చూసింది. ఇవాళ పంపుదాంలే అనుకుంది. భోజనం వేళ అయింది. పంపలేదు. సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ కట్టేసి కారెక్కింది. ఇరవై నాలుగు గంటలు ఉదయమే దాటిపోయాయి.

ఇంటికొచ్చి వంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. ఉమామహేశ్వరి. వయసులో నాలుగేళ్ళు పెద్ద. హోదాలో ఇంకా పెద్ద.

"పద్మినీ, చేతులు ఖాళీయా?"

"వంకాయ తరుగుతున్నానండీ. చెప్పండి."

"మా మహాతల్లి చేసిన పని విన్నావా? మేజర్ డిజైన్ చేసుకుంటుందట. డిజైన్! అదేమన్నా పట్టుచీర మీదకి బ్లౌజా?"

పద్మిని ఊఁ కొట్టింది.

"బయాలజీ చేసి మెడికల్ స్కూల్‌కి అప్లై చెయ్యవే అంటే, కలుపుమొక్కల పేర్లు చదువుతానంటోంది. ఆయన రెండ్రోజుల్నుంచి దాంతో మాట్లాడట్లేదు. అయినా భయం ఉందా? ఫారమ్ ఇచ్చేశా మమ్మీ అని టెక్స్ట్ పెట్టింది."

"పిల్లల రికార్డుల సంగతి నేను పేరెంట్స్‌తో మాట్లాడకూడదు ఉమగారూ. అది లా."

"నాకు లా చెప్తావేంటి? నీ ఇంట్లో నాలుగేళ్ళు పెరిగింది అది. సరే, నువ్వు మాట్లాడకు, విను. ఆ ఫారాలు నీ టేబుల్ మీదకే వస్తాయట కదా. ఫ్రైడే డెడ్‌లైన్ అట. ఆ ఒక్కటీ ఎక్కడన్నా పడిపోయిందనుకో. వెతికేసరికి మండే అయిందనుకో. ఎవరి కొంప మునిగింది? ఆటోమేటిగ్గా బయాలజీలో ఉండిపోతుంది."

పద్మిని చేతిలో కత్తి ఆగింది.

"నా బల్ల మీద కాగితం పడిపోదండీ. ఆరేళ్ళయింది. ఒక్కటంటే ఒక్కటి పడిపోలేదు."

"అబ్బో! ఏదో సుప్రీం కోర్టు నడుపుతున్నట్టు. ఊరికే అన్నాలే. నీకీ చదువుల టెన్షన్ తెలీదు పద్మినీ. హాయిగా ఉన్నావ్."

ఫోను పెట్టేశాక పద్మిని వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేసింది. రెండు రోజులుగా తాను నోరు మెదపకుండా చేస్తున్న పనినే ఉమ నోరు తెరిచి అడిగింది. తను చేస్తున్నప్పుడు చిన్న ఆలస్యంలా కనిపించింది. ఇంకొకరి నోట వింటే అది ఏమిటో తెలిసింది. పడిపోదు అని కూడా తనే అనేసింది. అన్నాక ఇక ఆ ఫైలును అడుగున ఉంచడం కుదరదు.

అసూయ తగ్గిందా అంటే, లేదు. ఇంకొంచెం పెరిగింది. తండ్రి మాట్లాడడం మానేసినా పిల్ల ఫారం ఇచ్చేసింది. పద్మినికి ఆనాడు అడ్డం వచ్చింది తండ్రి కూడా కాదు. కళ్ళద్దాల గుమస్తా ఒకడు టిక్కు పెడితే, మారు మాట్లాడకుండా రసీదు తీసుకుని ఇంటికొచ్చేసింది.

గురువారం ఎనిమిదీ ఐదుకు ఈమెయిలు పంపింది. ఫైలు అట్ట మీద 'ఈమెయిలు పంపిన తేదీ' అన్న చోట బుధవారం తేదీ వేస్తే ఎవరికీ తెలియదు. కలం అక్కడిదాకా వెళ్ళింది. గురువారం తేదీయే వేసింది.

పదకొండింటికి ఇషా పరిగెత్తుకుంటూ వచ్చింది. సంచి ఒక భుజం నుంచి జారిపోతోంది.

"ఆంటీ! మీ ఈమెయిల్ చూసాను. ప్రొఫెసర్ నిన్న ఈవెనింగ్ ఫ్లైట్ ఎక్కేసారు. లిస్బన్‌లో కాన్ఫరెన్స్. ట్యూస్డే ఆయన పక్క బిల్డింగ్‌లోనే ఉన్నారు. నేను జస్ట్ నడిచి వెళ్ళేదాన్ని."

"ఫ్యాక్స్ అయినా తీసుకుంటాం. రేపు ఐదు లోపు రావాలి."

"ట్రావెల్‌లో ఆయన ఈమెయిల్ చూడరు. వెబ్‌సైట్‌లో ట్వెంటీ ఫోర్ అవర్స్ అని ఉంది కదా. ఎందుకు లేట్ అయింది ఆంటీ?"

"నేనే లేటు చేశాను."

"ఓ. ఇట్స్ ఓకే. మీరు బిజీ ఉన్నారు."

"బిజీ ఏం లేదమ్మా. చదివాను. కోపం వచ్చింది. పక్కన పెట్టాను."

ఇషా సంచి కిందకు జారింది. ఆ పిల్ల దాన్ని ఎత్తుకోలేదు.

"కోపమా? నా మీద? నేను ఏం చేసాను?"

పద్మిని ఫైలు విప్పి, రెండో పేజీ మధ్యలో వేలు పెట్టింది.

"ఎవరీవిడ?"

ఇషా ముఖం ఎర్రబడింది. "మీరే. పర్మిషన్ లేకుండా పేరు రాయకూడదు, అందుకని..."

"పేరు మాట తర్వాత. ఏ శిక్షణా లేదన్నావు. కాకినాడలో బీయస్సీ చేశాను. బోటనీ. పంతొమ్మిదొందల ఎనభై ఆరు. ఫస్టు క్లాసు, డెబ్బై ఒక్క శాతం."

"వాట్? మీకు బోటనీ డిగ్రీ ఉందా? మీరు ఎప్పుడూ చెప్పలే!"

"నువ్వెప్పుడూ అడగలేదు. మీ అమ్మా అడగలేదు. గుంటగలగర అసలు పేరు నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఎవరు చెప్పారు?"

"మీరే. ఎక్లిప్టా. నేను మీరు గూగుల్ చేసారు అనుకున్నాను."

"గూగులా! అప్పట్లో కంప్యూటర్ని మీ అంకుల్ నన్ను ముట్టుకోనిచ్చేవారా?"

ఇషా నవ్వబోయి ఆపుకుంది. వెనక ఇద్దరు కుర్రాళ్ళు వరసలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

"సారీ ఆంటీ. నిజంగా సారీ. ఆ పేజ్ మార్చొచ్చా?"

"రేపటిదాకా మార్చొచ్చు."

"మీ పేరు వేస్తాను. ఆయన సైన్ రాకపోతే థర్డ్ మెంటర్‌గా మిమ్మల్ని పెట్టొచ్చా?"

"ప్రొఫెసర్ అయ్యుండాలి. పేరు కూడా వెయ్యకు. నేను ఈ ఆఫీసులో మనిషిని, బావుండదు."

"దట్స్ నాట్ ఫెయిర్."

"కాదు," అంది పద్మిని.

తనకు కోపం వచ్చిందని చెప్పింది కానీ, అసూయ అన్న మాట మాత్రం ఆమె ఎత్తలేదు. అవమానం అని చెప్పుకోవడానికి ఒక వాక్యం దొరికింది. దాన్ని పట్టుకుంది. ఆ వాక్యం లేకపోయినా ఫైలు దొంతర అడుగుకే వెళ్ళేదని ఆమెకు తెలుసు. ఇషాకు తెలియదు.

ఇషా వెళ్ళాక పద్మిని రెండు పనులు చేసింది. మొదట భాషాశాస్త్ర శాఖ సెక్రటరీకి ఫోన్ చేసింది. ప్రొఫెసర్ల ప్రయాణం టికెట్లూ గదులూ బుక్ చేసేది సెక్రటరీలే. ఏ శాఖ సెక్రటరీ ఏ పూట ఎక్కడ దొరుకుతుందో పద్మినికి తెలుసు. ప్రొఫెసరు దిగిన హోటలు ఫ్యాక్స్ నంబరు మూడు నిమిషాల్లో దొరికింది. సంతకాల కాగితం అప్పుడే పంపింది. పైన పెద్ద అక్షరాలతో, శుక్రవారం సాయంత్రం ఐదు, మా టైము, అని రాసింది.

తర్వాత డోనా గదిలోకి వెళ్ళింది. డోనా ఆ ఆఫీసు సూపర్‌వైజరు. నెమ్మదస్తురాలు, కానీ కాగితం విషయంలో కచ్చితం.

"పదకొండో ఫైలు నాకు తెలిసినవాళ్ళ పిల్లది. మొదటి రోజే నీకు చెప్పాల్సింది. ఈమెయిలు కూడా ఒకరోజు ఆలస్యంగా పంపాను."

డోనా అట్ట మీద తేదీలు చూసింది. "నువ్వా? ఎందుకు?"

"పంపలేదు. అంతే."

డోనా ఫైలు తీసి పక్క బల్ల క్లర్కుకు ఇచ్చింది. పద్మిని సర్వీసు రికార్డులో ఒక వాక్యం రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకుంది. ఆరేళ్ళలో అలాంటి వాక్యం అదొక్కటే.

శుక్రవారం ఇషా కొత్త పేజీ తెచ్చి పక్క బల్ల మీద ఇచ్చింది. పద్మిని వైపు చూసి చెయ్యి ఊపింది. మధ్యాహ్నం మూడూ నలభైకి ఫ్యాక్స్ మెషిను చప్పుడు చేసింది. పద్మిని లేచి వెళ్ళి చూసింది. లిస్బన్ హోటలు గుర్తు కింద సంతకం వంకరగా ఉంది. కాగితం తీసి, తన బల్ల దాటి, పక్క బల్ల మీద పెట్టింది. ఆ క్లర్కు దాని మీద తేదీ ముద్ర గుద్దింది.

మరుసటి వారం తెలుగువాళ్ళ ఉగాది విందులో ఉమామహేశ్వరి ఎదురుపడింది. చేతిలో పులిహోర పళ్ళెం.

"దాని కలుపుమొక్కలకి గురువు నువ్వేనటగా! ముందే తెలిస్తే డేకేర్‌లో వేసేదాన్ని."

"నాది బీయస్సీ బోటనీ అండీ," అంది పద్మిని. ఈ దేశం వచ్చాక ఆ మాట ఒక విందులో అనడం అదే మొదటిసారి.

"అలాగా!" అంది ఉమ. "మరి ఇన్నాళ్ళూ చెప్పవేం? మా లాన్‌లో తుంగ చచ్చిపోవట్లేదు, వచ్చి కాస్త చూడరాదూ?"

రఘు పక్కనుంచి నవ్వాడు. పద్మిని ఇంకో గరిటె పులిహోర వేసుకుంది.

ఏప్రిల్‌లో కమిటీ కూర్చుంది. ఆ ఏడు వచ్చినవి ఇరవై మూడు ఫైళ్ళు. పంతొమ్మిదింటిని ఒప్పుకున్నారు. పద్మిని పద్దెనిమిది పేర్లు కంప్యూటర్లో ఎక్కించింది. పంతొమ్మిదోది పక్క బల్ల క్లర్కు ఎక్కించింది. ఒకరోజు భోజనం వేళ పద్మిని ఆ పేరు తెర మీదకు తెచ్చుకుని చూసింది. ఇరవై ఏడు అక్షరాలు, చివర మూడు ఖాళీలు. కళ్ళు మళ్ళీ కుట్టాయి. తెర మూసేసి డబ్బా విప్పుకుని తినేసింది.

మరుసటి మార్చిలో మొదటి ఫైలు ఒక సోమవారం ఉదయం వచ్చింది. ఒక పిల్ల వంతెనల నిర్మాణాన్నీ నాట్యాన్నీ కలపాలనుకుంటోంది. రెండు సంతకాలు తక్కువ. ఎనిమిదీ పదికి పద్మిని ముద్ర గుద్దింది. రెండు పేజీలూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎనిమిదీ ఇరవై రెండుకు ఈమెయిలు పంపింది.